బుర్మకాన్ ఆరిళ్ళ పరుగు

కిజిల్-బెల్‌లో బుర్మకాన్ ఎదుట తప్పు మాట్లాడి తప్పించుకున్నవాళ్ళు లేరు. గొర్రెల డాక్టరైనా, ముల్లా అయినా, జిల్లా ఆఫీసు నుంచి జీపులో దిగిన పెద్దమనిషైనా ఒకటే. మాట చివర తోక ఒక్కటి జారిందా, ఆవిడ చేతిలో పని ఆపి, తల పక్కకి వంచి, "ఏంటీ? మళ్ళీ అను" అనేది. అవతలివాళ్ళు మళ్ళీ అని, దిద్దించుకుని, ఇంకోసారి అప్పజెప్పాకే టీ పోసేది.

ఆవిడ కోడలు కనిషాయ్ ఈ నాలుగేళ్ళలో వేడి టీ తాగింది తక్కువ.

కనిషాయ్ రాజధానిలో పుట్టింది, రష్యన్ బడిలో చదివింది, ఇప్పుడు ఊరి బడిలో ఫిజిక్స్ చెబుతోంది. కిర్గిజ్ మాట్లాడుతుంది గాని పట్నం తీరులో. "నా చెంచా" అనాలంటే పట్నంవాళ్ళు ముందు 'నా' తగిలించి ఊరుకుంటారు. ఊళ్ళో అది చాలదు. చెంచా వెనక కూడా 'నాది' అన్న తోక పడాలి. ఆ తోక వెనక ఇంకో తోక. చెంచాకి, చెంచాని, చెంచాలో, చెంచా నుంచి.

"మెడకి తాడేసి కాళ్ళకి బందం వెయ్యడం మర్చిపోతావేం పిల్లా?" అనేది బుర్మకాన్. "తెల్లారేసరికి నీ చెంచా పక్క లోయలో మేస్తూ ఉంటుంది."

కనిషాయ్ ఎదురు చెప్పేది కాదు. తక్కువ గొంతు మనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో అందరూ కొట్లాడుకుంటున్నారేమో అనుకుంది. వారం తర్వాత తెలిసింది, వాళ్ళు ఉప్పు అందించమని అడుగుతున్నారని.

కూతురు మీరిమ్ పుట్టాక కనిషాయ్ ఒక గళ్ళ నోటుబుక్కు పెట్టింది. బరువు, పొడవు, పళ్ళు, తుమ్ములు, అన్నీ తారీకులతో సహా. మే నెల మొదటి మంగళవారం అందులో ఇలా రాసింది: "పదమూడు నెలల పదకొండు రోజులు. మూడు అడుగులు. రెండు ముందుకి, ఒకటి పక్కకి. పడలేదు, కూర్చుంది." పక్కన చిన్న అక్షరాల్లో: "ఎడమ పాదం కాస్త లోపలికి? గమనించాలి."

బుర్మకాన్ భుజం మీదుగా తొంగి చూసింది.

"పిల్ల నడిచిందా?"

"మూడడుగులే అత్తమ్మా. ఇంకో రెండు వారాలు చూసి..."

"నడిచింది!" అని బుర్మకాన్ కిటికీ తెరిచి వీధిలోకి కేకేసింది. "నా మనవరాలు నడిచింది! ఆదివారం తాడు కోస్తున్నాం! అందరూ రండి!"

ఇక చేసేదేం లేదు. పదినిమిషాల్లో కబురు ఊరంతా పాకింది. తొలి అడుగులు వేసిన బిడ్డ కాళ్ళకి నలుపూ తెలుపూ ఊలు కలిపి పేనిన తాడు కడతారు. దూరంగా గీత గీసి జనం అక్కడి నుంచి పరిగెత్తుకొస్తారు. ముందొచ్చినవాళ్ళు కత్తి అందుకుని ఆ తాడు కోస్తారు. కోసినవాళ్ళ గుణమే బిడ్డకి వస్తుంది.

ఆ ఆఖరి మాట దగ్గరే కనిషాయ్‌కి భయం పట్టుకుంది. తను సైన్సు చదువుకుంది, ఇలాంటివి నమ్మదు. కానీ నమ్మనంత మాత్రాన ప్రమాదం తగ్గుతుందని ఎక్కడా రుజువు లేదు. పైగా ఎవరు గెలుస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. కుబాత్.

కుబాత్ బుర్మకాన్‌కి తమ్ముడి కొడుకు. కుస్తీ వీరుడు. రెండు చెవులూ ఆవిరి మీద ఉడికిన మాంసం ఉండల్లా ఉంటాయి. ఆరేళ్ళుగా కిజిల్-బెల్‌లో ఏ పరుగు జరిగినా అతనిదే గెలుపు. ఇప్పటికి ఏడుగురు పిల్లల తాళ్ళు కోశాడు. ఆ ఏడుగురూ ఇప్పుడు మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళు. రోజూ సాయంత్రం నీళ్ళ పంపు దగ్గర చేరి ఒకళ్ళనొకళ్ళు ఎత్తి బురదలో పడేసుకుంటారు. కనిషాయ్ లెక్కపెట్టింది. ఏడుకి ఏడు. అంత చిన్న నమూనా నుంచి ఏమీ తేల్చకూడదని తరగతిలో పిల్లలకి తనే చెబుతుంది. అయినా ఏడుకి ఏడు!

తన మీరిమ్‌కి రావలసిన గుణం ఎవరిదో కనిషాయ్‌కి స్పష్టంగా తెలుసు. ఎసెన్‌కుల్ మాస్టారిది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. మూడు తరాలకి వ్యాకరణం చెప్పి రిటైరయ్యాడు. అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాత కూడా ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడతాడు. ఉయ్యాల్లో ఉన్న మీరిమ్‌ని "బాగున్నావా తల్లీ?" అని పలకరించి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూసిన మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కడే. లోకంలో అలాంటివాళ్ళు ఇంకొకరు పెరిగితే ఎంత బాగుంటుంది!

చిక్కంతా ఆయన మోకాళ్ళ దగ్గర ఉంది. బుధవారం ఆయన కొట్టుకి వెళుతుంటే కనిషాయ్ వెనకాలే నడిచి, శాలువా చాటున స్టాప్‌వాచ్ నొక్కింది. నూట ఇరవై అంగల దూరానికి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు, మధ్యలో ఒక గాడిదకి దారిచ్చిన సమయంతో కలిపి. కుబాత్‌కి అదే దూరం పదిహేను సెకన్లు. నోటుబుక్కులో రెండు గీతలు గీసి, అవి ఎక్కడ కలుస్తాయో చూసింది. ఎక్కడా కలవలేదు. కుబాత్‌ని మధ్యలో ఆపాలి. బలంతో అతన్ని ఆపగలవాళ్ళు లేరు. మరి దేనితో?

కనిషాయ్ పెన్సిల్ కొరుకుతూ ఆలోచిస్తుంటే, వంటింట్లోంచి బుర్మకాన్ ఎవరి మీదో విరుచుకుపడుతున్న కేక వినిపించింది: "'మా ఇంటి నుంచి' అనవయ్యా! 'ఇల్లు నుంచి' ఏంటి నీ మొహం! ఇల్లెవరిదో చెప్పక్కర్లా?"

కనిషాయ్ పెన్సిల్ కింద పెట్టింది.

వంటింట్లో బుర్మకాన్ మోచేతుల దాకా పిండితో ఉంది. ఆదివారానికి బోర్సోక్ పిండి ఉండలు వేయించాలి. నాలుగు బుట్టలు కావాలి.

"అత్తమ్మా, ఊరికే పరిగెత్తితే ఏముంది చెప్పండి? గుర్రాలూ పరిగెడతాయి."

"ఊఁ. అయితే?"

"దారిలో సున్నంతో ఆరిళ్ళు గీద్దాం. ఎసెన్‌కుల్ మాస్టారు బళ్ళో చెప్పేవారట కదా, విభక్తికో ఇల్లని. పరిగెత్తేవాళ్ళు ఒక్కో చీటీ తీసుకోవాలి. చీటీలో ఉన్న మాటని ఏ ఇంట్లో ఆ ఇంటి తోకతో చెప్పి దాటాలి. అదీ 'నాది' అన్న తోక ముందు తగిలించి. తప్పితే వెనకటి ఇంటికి."

బుర్మకాన్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. అనుమానంగా చూసింది.

"ఇది ఎవరి బుర్రలో పుట్టింది?"

"నా బుర్రలోనే."

"నీ బుర్రలోనా! పొద్దున్నే కదే 'నేను బడి వెళ్తున్నా' అని పోయావ్. బడికి అనడానికి రాదు గాని, ఆరిళ్ళు గీస్తుందట!" అంది గాని, ఆవిడ కళ్ళు అప్పటికే మెరుస్తున్నాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాననుకుని, పక్కింటికి వినపడేలా చెప్పడం మొదలుపెట్టింది. "పేరిల్లు, తగులిల్లు, వెళ్ళే ఇల్లు, దొరికే ఇల్లు, పడుకునే ఇల్లు, బయటపడే ఇల్లు! ఉత్త పేరు, యొక్క, కి, ని, లో, నుంచి! ఆయన బొగ్గుతో నేల మీద గీసేవారు. నేను కళ్ళు మూసుకుని గెంతేదాన్ని. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు తెలుసా? అన్నింటా అయిదుకి అయిదు మార్కులు!"

ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఎనిమిదో తరగతి అయ్యాక బుర్మకాన్ పట్నం వెళ్ళి టీచరు చదువు చదవాలని మాస్టారు దరఖాస్తు కూడా నింపాడు. అదే వసంతంలో వాళ్ళ నాన్నకి కాలు విరిగింది. ఆరువందల గొర్రెలు కొండ మీదికి వెళ్ళాలి. పదిహేనేళ్ళ పిల్ల గుర్రమెక్కి వాటి వెనక వెళ్ళింది. ఆ ఏడాది ఆగస్టులో దరఖాస్తు గడువు దాటిపోయింది, గొర్రెలు మాత్రం ఒక్కటీ తప్పిపోలేదు. గొర్రెల్ని అదిలించడానికి అందరూ ఈలలేస్తారు, ఆవిడ విభక్తులు అరిచేదట. ఆ మంద ముసలి పొట్టేళ్ళు 'బయటపడే ఇల్లు' అని వినగానే దొడ్డిలోంచి వచ్చేసేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత పెళ్ళి, ముగ్గురు పిల్లలు, ఉన్ని తివాచీలు కుట్టడం, నెయ్యి కాచి బజారుకి పంపడం, అయిదేళ్ళ కిందట భర్త పోవడం. వీటన్నిటి మధ్యా ఆవిడ ఒక్కరోజు కూడా పాఠం చెప్పడం ఆపలేదు. బడి ఒక్కటే లేదు.

"సరే, ఆరిళ్ళు గియ్యి" అంది బుర్మకాన్. మళ్ళీ పిండి పిసుకుతూ, చాలా మామూలుగా అడిగింది. "చీటీల్లో ఏ మాటలు పెడుతున్నావు?"

"నా గుర్రప్పిల్ల, ఇంకా..."

"చాల్లే, చాల్లే. నాకెందుకు చెప్పడం?"

శుక్రవారం కనిషాయ్ బడి నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి గట్టిగా పాఠం వినపడుతోంది. గుమ్మం సందులోంచి చూసింది. కుబాత్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా బుర్మకాన్, ఒడిలో బోర్సోక్‌ల బుట్ట.

"వెళ్ళే ఇల్లు?"

"కులునుమ్‌... దా?"

"అది పడుకునే ఇల్లురా! నువ్వు ఎక్కడికెళ్ళినా పడుకుంటావా? కులునుమా! నా గుర్రప్పిల్లకి! అను."

"కులునుమా."

"ఇదిగో, తిను. దొరికే ఇల్లు?"

"అత్తా, నేను రోజూ మాట్లాడేదేగా ఇది. ఇళ్ళ పేర్లు పెట్టి అడిగేసరికి బుర్ర తిరుగుతోంది."

"తిరగనీ. తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. నీకు రాబోయే కీర్తి చూడు, ఎనిమిదో తాడు! నా మనవరాలు కుస్తీలో పతకం తేవాలి. దొరికే ఇల్లు?"

ఇరవైమూడు బోర్సోక్‌లయ్యేసరికి కుబాత్ ఆరూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు: కులునుమ్, కులునుమ్‌దున్, కులునుమా, కులునుమ్‌దూ, కులునుమ్‌దా, కులునుమ్‌దాన్! బుర్మకాన్ అతని తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. పిండి అంటింది.

కనిషాయ్ పిల్లిలా వెనక్కి నడిచి, గదిలోకి పోయి, చీటీలన్నీ కొత్తగా రాసింది. నా దువ్వెన, నా కంబళి, నా బూటు, నా బావమరిది, నా ఉల్లిపాయ. గుర్రప్పిల్లని మాత్రం ఒకే ఒక్క చీటీలో ఉంచి, దాన్ని చీటీలు వేసే టోపీ అడుగున మడతలోకి తోసింది. మోసమే. కానీ ఎదుటివాళ్ళు ముందు మొదలుపెట్టారు.

మాస్టారిని ఒప్పించడం ఇంకో పని.

"నేనా? పరుగా?" అన్నాడాయన, ఆగాల్సిన క్షణం ఆగాక.

"నడిస్తే చాలు మాస్టారూ. మీరు తప్పు చెప్పరు కదా. మిగతావాళ్ళంతా ఇళ్ళల్లో ఇరుక్కుంటారు. నేను లెక్క వేశాను."

ఆయన నోటుబుక్కులో గీతలకేసి చాలాసేపు చూశాడు. "ఇందులో నేను ఏ గీత?"

"ఈ పడుకున్న గీత."

"ఆఁ, పోలిక బాగానే ఉంది" అన్నాడు.

ఆదివారం ఆకాశం కడిగినట్టుంది. కాలవ గట్టు నుంచి పచ్చిక మీదుగా ఆరు సున్నపు గుండ్రాలు, ఒక్కోదాంట్లో అయిదో తరగతి అమ్మాయి ఒకతి జాబితా పట్టుకుని జడ్జిలా నిలబడింది. ఆ చివర ఎర్ర తివాచీ, దాని మీద కత్తి, తివాచీ మధ్యలో మీరిమ్. కొత్త బూట్లు, కాళ్ళకి నలుపు తెలుపు తాడు. ఒక చెయ్యి తండ్రి తాలాయ్ పట్టుకున్నాడు, ఇంకోటి కనిషాయ్. కనిషాయ్ మరో చేతిలో స్టాప్‌వాచ్. కొంచెం అవతల పొయ్యి మీద గుండిగలో మాంసం ఉడుకుతోంది. అరవైమంది చుట్టాలు, పన్నెండు కుక్కలు.

పధ్నాలుగు మంది గీత మీద నిలబడ్డారు. మాస్టారు ఇస్త్రీ చేసిన కోటు, తెల్ల ఉన్ని టోపీ, చేతికర్రతో చివర నిలబడ్డాడు. టోపీలోంచి అందరూ చీటీలు తీశారు. ముల్లా చెయ్యి ఎత్తి దించాడు.

కుబాత్ విల్లులోంచి బాణం వెళ్ళినట్టు వెళ్ళి పేరింట్లో పడ్డాడు.

"కులునుమ్!" అని గర్జించాడు.

జడ్జి పిల్ల అతని చీటీ తీసి చదివింది. "గుర్రప్పిల్ల కాదు మామయ్యా. దువ్వెన."

"ఏ దువ్వెన?"

"నీ దువ్వెన."

కుబాత్ నున్నటి గుండు తడుముకున్నాడు. "నాకెందుకే దువ్వెన?"

జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. పక్కన నిలబడ్డ బుర్మకాన్ మాత్రం నవ్వలేదు. చేతులు పైకెత్తి, "దువ్వెనరా! అందులో పెట్టి చెప్పు! తోకలు అవే!" అని అరిచింది. కానీ కుబాత్ నేర్చుకున్నది పాట. పాటలో గుర్రప్పిల్ల తీసేస్తే మిగతాదంతా కూలిపోయింది. వెళ్ళే ఇంట్లో పడుకున్నాడు, తగులింట్లో బయటపడ్డాడు, వెనక్కి పొమ్మంటే ఎన్ని ఇళ్ళు వెనక్కి పోవాలో మరిచిపోయి మళ్ళీ గీత దగ్గరికే వెళ్ళాడు.

మిగతావాళ్ళ గతీ అంతే. పుట్టిన దగ్గర్నుంచి తప్పు లేకుండా మాట్లాడే జనం ఫలానా ఇల్లు అని పేరు పెట్టి అడిగేసరికి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. గొర్రెల డాక్టరు పడుకునే ఇంట్లో ఇరుక్కున్నాడు. అతని భార్య జనంలోంచి, "ఉండనీండి, ఉండనీండి, ఇంట్లో కూడా అక్కడే ఉంటాడు!" అని అరిచింది. పోస్టమ్మ దొరికే ఇంట్లో నిలబడి తన ఉల్లిపాయని ఆరు రకాలుగా పోగొట్టుకుంది. పచ్చిక నిండా పెద్దవాళ్ళు గెంతుతున్నారు, వెనక్కి వస్తున్నారు, ఢీకొంటున్నారు, వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు. పరిగెత్తడం మానేసి ఇద్దరు కూర్చుని ఏడ్చినంత పని చేస్తూ నవ్వుతున్నారు.

వాళ్ళందరి మధ్యా ఎసెన్‌కుల్ మాస్టారు కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. నా కంబళి. దాటాడు. నా కంబళి యొక్క. దాటాడు. నా కంబళికి. కనిషాయ్ స్టాప్‌వాచ్ చూసింది. రెండు నిమిషాల పది సెకన్లు, లెక్క ప్రకారం సరిగ్గా. తాలాయ్ పక్కనుంచి, "చెయ్యి నొక్కేస్తున్నావ్ పిల్లది" అన్నాడు.

నాలుగో ఇంటి గుమ్మంలో మాస్టారు ఆగిపోయాడు. పోస్టమ్మకేసి చూశాడు.

"అమ్మాయ్, ఉల్లిపాయ ఎవరిది?"

"నాదే మాస్టారూ."

"అది ముందు చెప్పు. ఆ తర్వాత దాన్ని ఏం చేస్తావు? తరుగుతావా?"

"తరుగుతా. నా ఉల్లిపాయని... ఆఁ! ఉల్లిపాయని!" అని పోస్టమ్మ ఎగిరి అయిదో ఇంట్లోకి దూకింది.

"మాస్టారూ, ముందుకి!" అని కనిషాయ్ చెయ్యూపింది. ఆయన కూడా చెయ్యూపాడు, ఒక్క నిమిషం అన్నట్టు. ముందుకి కాదు, వెనక్కి తిరిగాడు. తగులింట్లో ఇద్దరున్నారు. వాళ్ళ సంగతి చూశాడు. ఆ తర్వాత పేరింట్లో ఒకడున్నాడు. నలభై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి, ఇరుక్కున్నవాణ్ణి దాటుకుని పోవడం ఆయనకి చేతకాలేదు. కనిషాయ్ నోటుబుక్కులో ఈ అంకె ఎక్కడా లేదు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తుండగా ఆయన నేరుగా వెళ్ళి కుబాత్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయనా, దువ్వెన ఉందనుకో. అబద్ధానికే. ఎక్కడికి తీసుకెళ్తావు?"

"మా... మా చెల్లెలికి ఇస్తా."

"ఇచ్చేశావా? అయితే ఇప్పుడది ఎవరి దువ్వెన?"

"అయ్యో! నాదే కదా చెప్పాలి!" అన్నాడు కుబాత్. ఒక్కసారిగా ఏదో తలుపు తెరుచుకున్నట్టు అతని మొహం వెలిగింది. రెండో ఇల్లు దాటాడు. మూడోది దాటాడు. నాలుగోది. ఇక ఆపేదెవరు?

ఇదంతా చూస్తూ బుర్మకాన్ పక్కనుంచి అరుస్తూనే ఉంది. కుబాత్‌కే కాదు, పోటీలో ఉన్నవాళ్ళందరికీ. "తగులింట్లో 'యొక్క' రా దున్నపోతా! డాక్టరూ, పడుకున్నది చాలు, 'లో' అను! ఏం చదివారర్రా మీరంతా! మాస్టారి పరువు తీస్తున్నారు!"

మాస్టారు కర్ర మీద రెండు చేతులూ వేసుకుని ఆవిడకేసి తిరిగాడు. గొంతు పెంచలేదు. అయినా పచ్చిక మీద ఉన్న అందరికీ వినపడింది.

"బుర్మకాన్, బయట నుంచి అందించేవాళ్ళకి మార్కులు ఉండవు. తెలిస్తే బల్ల దగ్గరికి రా."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి అక్కడికక్కడే బిగుసుకుపోయింది. చేతులు వాటంతటవే లంగాకి తుడుచుకుంది. తలగుడ్డ ముడి గట్టిగా బిగించింది. ఎవరో టోపీ అందించారు. అడుగు మడతల్లో ఒక్కటే చీటీ మిగిలింది. తీసి, విప్పి, చూసి, మడిచి నడుములో దోపుకుంది. ఇక పరిగెత్తింది.

ఆ పరుగు చూసినవాళ్ళు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. రబ్బరు జోళ్ళు రెండూ మొదటి ఇంటికి ముందే ఎగిరిపోయాయి. ఏప్రన్ మీది పిండి పొగలా లేచింది. "కులునుమ్!" అని పేరిల్లు దాటింది. "కులునుమ్‌దున్!" తగులిల్లు. జడ్జి పిల్లలు జాబితాలు చూడనే లేదు, పక్కకి తప్పుకున్నారు. "కులునుమా!" అని వెళ్ళే ఇంట్లో అరిచిందంటే అవతలి కొండ మళ్ళీ అప్పజెప్పింది. దొరికే ఇల్లు ఒక్క గెంతులో. అయిదో ఇంట్లో కుబాత్ తన దువ్వెనలో ఏముందో తలుచుకుంటూ కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆవిడ భుజం తగిలి కుస్తీ వీరుడు వెల్లకిలా పడ్డాడు. "కులునుమ్‌దా! కులునుమ్‌దాన్!" ఆరుకి ఆరు. తివాచీ మీదికి మోకాళ్ళ మీద జారుతూ వచ్చి కత్తి అందుకుంది.

కనిషాయ్ వేలు అలవాటుగా నొక్కింది. ఇరవై తొమ్మిది సెకన్లు.

జనం టోపీలు ఎగరేస్తున్నారు. కుక్కలు మొరుగుతున్నాయి. కనిషాయ్‌కి మాత్రం ఆ అంకె మీంచి చూపు కదలడం లేదు. మాస్టారి కోసం ఆరిళ్ళు గీసింది. కుబాత్‌ని ఆపడానికి చీటీలు మార్చింది. చేసినదంతా చేసి, తన బిడ్డకి అత్తగారి గుణం తెచ్చిపెట్టింది!

బుర్మకాన్ రొప్పుతూ కోడలి మొహంలోకి చూసింది. ఆవిడ తప్పులు పట్టే మనిషి. మొహంలోదైనా పట్టేస్తుంది.

"ఏంటే, అలా పాలిపోయావు? పిల్ల నాలా తయారవుతుందని భయమా?"

అరవైమందీ వింటున్నారు. కనిషాయ్ అబద్ధం చెప్పాలనుకుంది, రాలేదు.

"అవునత్తమ్మా."

తాలాయ్ నేల చూపులు చూశాడు. బుర్మకాన్ మాత్రం తివాచీ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"నిజమే, నా నోటితో బతకడం కష్టమే. మీ మామగారు ముప్ఫై ఏళ్ళు దూది పెట్టుకున్నాడు చెవుల్లో." తర్వాత కత్తిని ఒళ్ళో పెట్టుకుని, నిజంగానే గొంతు తగ్గించి, కనిషాయ్‌కి ఒక్కదానికే వినపడేలా అంది. "మా నాన్న గుర్రం తెచ్చి గుమ్మంలో కట్టి, ఎక్కు అన్నాడు చూడు, ఆ రోజొక్కటే నేను నోరు మూసుకున్నా. 'నేను చదువుకుంటా' అని ఒక్క మాట అనలేకపోయా. ఆ తర్వాత మళ్ళీ మూసుకోలేదు. మూసుకోవాలంటే భయం. అదే నా గుణం పిల్లా, ఇంకేం లేదు. నీకొద్దంటే చెప్పు. కత్తి మాస్టారికిచ్చేస్తా. ఎవరేమంటారో నేను చూసుకుంటా."

ఆవిడ కత్తి పిడి ముందుకి చాచింది.

కనిషాయ్ మాస్టారి కోసం చూసింది. ఆయన రెండో ఇంటి దగ్గర ముల్లాకి ఏదో వివరంగా చెబుతున్నాడు. ముల్లా పోటీలో లేడు. ఊరికే అడిగినట్టున్నాడు. పరుగు అయిపోయిందని ఆయనకి తెలిసినట్టు లేదు. కనిషాయ్ మీరిమ్‌కేసి చూసింది. మీరిమ్ నాయనమ్మ మొహం మీది పిండిని వేలితో గీకుతోంది.

"కొయ్యండి అత్తమ్మా" అంది కనిషాయ్. "చీటీ మీకే వచ్చింది. ఆరుకి ఆరు చెప్పారు. నేనైతే రెండో ఇంట్లోనే ఆగిపోయేదాన్ని."

"మూడోది దాటేదానివి. ఈ మధ్య కాస్త నయం" అంది బుర్మకాన్, ఒక్క వేటుతో తాడు తెంపింది.

అందరూ దీవిస్తూ అరచేతులు మొహం మీదుగా దించుకున్నారు. తాలాయ్ ఒక చెయ్యి వదిలాడు, కనిషాయ్ ఇంకో చెయ్యి వదిలింది. మీరిమ్ ఊగింది. నిలబడింది. ఒక అడుగు. రెండు. ఎడమ పాదం లోపలికి లేదు, సూటిగానే ఉంది. మూడు, నాలుగు. కనిషాయ్ లోపల లెక్కపెడుతోంది. అయిదు. బిడ్డ మొహం వెలిగిపోతోంది, రెండు చేతులూ చాచింది, వేగం అందుకుంది. ఆరు, ఏడు. ఎక్కడికి వెళుతోందో అప్పుడు చూసింది కనిషాయ్. మంట దగ్గరికి. గుండిగ దగ్గరికి!

"మీరిమ్!"

ఆ కేకకి చప్పట్లు ఆగిపోయాయి. కుక్కలు నోళ్ళు మూసుకున్నాయి. కాలవ అవతల మేస్తున్న గుర్రాలు తలలెత్తాయి. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఆవిడ గరిటె వదిలేసింది. మీరిమ్ మూడు గజాల ఇవతలే ఆగి, గిరుక్కున తిరిగి, పచ్చిక మీద చతికిలబడి, తల్లికేసి ఎంతో మెచ్చుకోలుగా చూసింది.

ఆ కేక ఎవరిదా అని చుట్టూ వెతుకుతున్నారు జనం. కనిషాయ్ కూడా వెతికింది. గొంతు మండుతుంటే అప్పుడు తెలిసింది, తనదే.

బుర్మకాన్ తివాచీ మీద మెల్లగా లేచి నిలబడింది. కోడల్ని తల నుంచి కాళ్ళ దాకా కొత్తగా చూసింది.

"అమ్మో! ఇంత గొంతు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?" అంది. "మూడు కొండలకి సరిపోతుంది. ఊరికే నన్ను అన్నావు గాని!"

కనిషాయ్ అప్పటికే పరిగెత్తి పిల్లని చంకనేసుకుంది. "ఏడడుగులు!" అని అక్కడి నుంచే, మళ్ళీ గొంతు దించడం మర్చిపోయి, అరిచింది. "అన్నీ ముందుకే అత్తమ్మా!"